తొలి కాన్పు సెలవు

మా మిల్లులో సెలవు దొరకాలంటే ఎవరో ఒకరు చచ్చిపోవాలి, లేదా పుట్టాలి. ఆ రెండింటి మధ్య బతుకు అనేది ఒకటుంటుందనీ, దానికి కూడా అప్పుడప్పుడూ ఒక రోజు కావాలనీ మా ఓనరుగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే. పంతొమ్మిదేళ్ళుగా చెప్పలేదు.

మాది తెనాలి ఊరి చివర మినపగుళ్ళ మిల్లు. మినుములు ఒక పక్క నుంచి పొట్టుతో వెళ్ళి ఇంకో పక్క నుంచి తెల్లగా కిలో ప్యాకెట్లలో బయటికొస్తాయి. నలభై మంది పనివాళ్ళం. ఓనరు పూర్ణచంద్రరావుగారు. నా పేరు కృపారాణి. రోజూ బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, ఆఫీసు గదిలో గుమస్తాగిరీ చేస్తాను. సెలవుల రిజిస్టరు నా బల్ల మీదే ఉంటుంది. అందులో నాలుగు గళ్ళు: పేరు, తేదీలు, కారణం, ఓనరుగారి సంతకం. కారణం ఆయనకు నచ్చకపోతే సంతకం గడిలో ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్నార్థకం పడుతుంది. ఆ ఎర్ర కొంకికి తగులుకున్న సెలవు మళ్ళీ బతికి బయటపడిన దాఖలా లేదు.

నా కుర్చీ వెనక గోడకు ఒక ఫ్రేము కూడా ఉంది. పనిచేసిన ప్రతి ఇరవై రోజులకూ ఒక రోజు జీతంతో కూడిన సెలవు, పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి అని అందులో అచ్చులో ఉంటుంది. ఇన్‌స్పెక్టరుగారు వస్తారని తెలిసిన రోజు నేనే దాని దుమ్ము దులుపుతాను. మిగతా రోజుల్లో దాని వెనక బల్లి కాపురం చేస్తుంది. దాని కాపురానికి మాత్రం ఎప్పుడూ ఎవరూ అడ్డు రాలేదు.

చట్టం గోడ మీద ఉంటే, మేము నేల మీద ఉన్నాం కాబట్టి చావుల మీద పడ్డాం. పొట్టు తీసే మిషను చూసే వెంకటప్పయ్య బాబాయ్ ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒకే అత్తగారిని నాలుగుసార్లు చంపాడు. ఆవిడ ఈమధ్య పొన్నూరు బస్టాండులో కనిపించి ‘బాగున్నావా అమ్మాయ్’ అని పలకరించింది. బాగున్నానండీ అని చెప్పి, ఆవిడ చివరి దినకర్మ ఏ నెలలో రాశానా అని ఆలోచిస్తూ బస్సెక్కాను.

మా ఓనరుగారిలో ఒక మంచి గుణం ఉంది. మా కొంప ముంచింది అదే. పనివాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే ఆయన పరామర్శకు వెళ్తారు. చెప్పకుండా వెళ్తారు. డజను అరటిపళ్ళు, ఒక రొట్టె ప్యాకెట్టు పట్టుకుని స్వయంగా గుమ్మంలో నిలబడతారు. వ్యాను డ్రైవరు బాలస్వామి నాయనమ్మ పోయిందని సెలవు పెట్టినప్పుడు కూడా అలాగే బాపట్లలో వాళ్ళింటికి వెళ్ళారు. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎండన పడి వచ్చావు నాయనా అని గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, కండువాతో మూతి తుడుచుకుని, పోయినావిడ మీకేమవుతారమ్మా అని అడిగారు. ఎవరు పోయారు నాయనా అని ఆవిడ కంగారుపడి గింజల చేట కింద పడేసింది.

బాలస్వామిని నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ తరువాత కొత్త రూలొచ్చింది. చావుకు దండ వేసిన ఫోటో చూపించాలి. జ్వరానికి డాక్టరు చీటీ, పెళ్ళికి శుభలేఖ. అబద్ధమని తేలితే ఇక నెల రోజులు కాదు, ఉద్యోగమే పోతుంది. ఇన్ని పెట్టినా ఒక్క పుట్టుకకు మాత్రం ఆయన ఏమీ పెట్టలేదు. ఆ కన్నం నా కంట పడింది.

యాసిన్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు. ప్యాకింగు మిషను అతని చేతిలో ఉంటుంది. తెనాలి కుర్రాడే. భార్య జమీలాది రేపల్లె. పెళ్ళయిన ఏడాదికి, కిందటి ఏడు ఆగస్టులో, నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“అక్కా, రెండు రోజులు సెలవు కావాలి.”

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. జమీలాని తీసుకుని రామాపురం పోదామని. సముద్రం చూసొస్తాం.”

“సముద్రం దగ్గర ఏం పని?”

“పనేం లేదక్కా. ఊరికే.”

పెళ్ళయి ఏడాదైనా పగటిపూట ఇద్దరూ ఒకచోట కూర్చుని అన్నం తినలేదని చెప్పాడు. వారమంతా డ్యూటీ, ఆదివారం మిషను కడగడం. జమీలా ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇతను వెళ్ళేసరికి ఆమెకు నడుం నొప్పి, ఇతనికి నిద్ర. అంతా విన్నాక నాకు జాలేసింది. కానీ కారణం గడిలో ‘ఊరికే’ అని రాసి ఓనరుగారి ముందు పెట్టడమంటే పులి నోట్లో తల పెట్టి బొట్టు పెట్టమని అడగడమే.

అందుకని నా తెలివి వాడాను. మా వైపు పురిటింటికి పరాయి మగవాళ్ళు పళ్ళు పట్టుకుని వెళ్ళరు. పైగా తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి జమీలా రేపల్లెలో ఉన్నట్టు లెక్క. అంత దూరం ఎవరూ చూడబోరు. ‘భార్యకు తొలి కాన్పు, రేపల్లె’ అని నా చేత్తోనే రాశాను. సంతకం టక్కున పడింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పూట ఇంకో టీ తెప్పించుకున్నాను.

రెండు రోజుల తరువాత యాసిన్‌ ముక్కు మీద తోలు ఊడుతూ, చెవుల్లో ఇసకతో డ్యూటీకొచ్చాడు. ఓనరుగారు గదిలోకి పిలిచి, పిల్లాడా పిల్లా అని అడిగారు. మేమిద్దరం అంతవరకూ ఆలోచించలేదు.

“ఆడపిల్లండి,” అన్నాడు యాసిన్‌.

“మహాలక్ష్మి. పేరేం పెడతారు?”

“షబ్నం అండి.”

అక్కడితో అయిపోతుందనుకున్నాం. అవలేదు. మర్నాడు ఆయన మళ్ళీ అడిగారు. వారం తరువాత మళ్ళీ అడిగారు. పాప పాలు సరిగా తాగుతోందా? రాత్రి నిద్రపోనిస్తోందా? ఆయన కొడుకు సుమంత్, కోడలు కీర్తన హైదరాబాదులో ఉంటారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఆ ఇంట్లో పిల్లల ఊసెత్తితే కోడలు అన్నం ముందు నుంచి లేచిపోతుందట. అక్కడ అడగలేనివన్నీ ఆయన ఇక్కడ అడిగేవారు. నలభై మంది పనివాళ్ళలో ఎవరి పిల్లల పేర్లూ ఆయనకు తెలియవు. షబ్నం పేరు మాత్రం మర్చిపోలేదు.

ఇక పాపను పెంచక తప్పలేదు. సెలవుల రిజిస్టరు చివరి పేజీలో ఆమె చరిత్ర రాయడం మొదలుపెట్టాను, మాట మాటకూ పొంతన ఉండాలి గదా. నాలుగో నెలలో మెడ నిలిపాం. అయిదో నెలలో బోర్లా వేశాం. ఏడో నెలలో రెండు పళ్ళిచ్చాం. ఈ విషయంలో సలహాలన్నీ వెంకటప్పయ్య బాబాయ్‌వి. అతనికి అయిదుగురు పిల్లలు. ఒకసారి బాలస్వామి తెలివి ఎక్కువై, పాపకు ఆటలమ్మ పోసిందని నోరుజారాడు. ఓనరుగారు ఆ పూట క్యారేజీ విప్పలేదు. చూడలేక మర్నాడు పొద్దున్నే నేనే తగ్గించేశాను.

నవ్వుకున్నామా అంటే చాలా నవ్వుకున్నాం. మిల్లు మొత్తానికి ఒకే ఒక్క పాప, ఏడుపు లేదు, ఉచ్చ లేదు. ఈ ఏడు ఆగస్టులో ఆమెకు ఏడాది నిండింది. ఓనరుగారు బజారుకు వెళ్ళి స్వయంగా ఒక గులాబీ రంగు గౌను కొనుక్కొచ్చి యాసిన్‌ చేతిలో పెట్టారు. యాసిన్‌ దాన్ని పారెయ్యలేక ఇంటికి పట్టుకెళ్ళాడు. అప్పటికి జమీలాకు నిజంగానే ఆరో నెల. ఆ సంగతి మిల్లులో అందరికీ తెలుసు, ఓనరుగారికి తప్ప.

ఆ రాత్రి వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. పొద్దున రైల్లో ఉండగా జమీలా ఫోను చేసింది.

“అక్కా, నా కడుపులో బిడ్డ కంటే ముందు మీ పుస్తకంలో ఒక బిడ్డ పుట్టిందంట గదా.”

“అదేం లేదమ్మా, సెలవు కోసం...”

“సెలవు మీరిద్దరూ రాసుకున్నారు. బిడ్డ నాది గదా. నన్నొక మాటన్నా అడిగారా?”

 పక్క సీటావిడ నా మొహంలోకి చూస్తోంది.

“నాకు ఆ గౌను చూస్తే భయమేస్తందక్కా. లేని పిల్లకి పళ్ళొచ్చాయంట, నడకొచ్చిందంట. ఉన్న పిల్ల సంగతేం కావాలి? ఒక మాట చెప్తన్నా వినండి. నాకు పుట్టేది మొదటి బిడ్డ. దాన్ని రెండోదని ఎక్కడన్నా రాశారంటే, మా ఆయన్ని రేపల్లె రావద్దనండి. మా అమ్మ దగ్గర నేనొక్కదాన్నే కంటాను.”

ఫోను పెట్టేసింది. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో ఎన్ని శవాలు లేపానో లెక్కలేదు. ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు చుండూరు దాటేదాకా తలెత్తలేకపోయాను.

నవంబరు వచ్చింది. జమీలా పుట్టింటికి వెళ్ళిపోయింది. కాన్పుకు ఇంకా మూడు వారాలుందనగా యాసిన్‌ ఎనిమిది రోజుల సెలవుకు కాగితం పట్టుకొచ్చాడు. అందులో పేరుంది, తేదీలున్నాయి, కారణం గడి ఖాళీగా ఉంది.

“రెండో కాన్పని రాస్తే పోయేదానికి ఎందుకురా ఈ తంటా,” అన్నాను.

“జమీలా ఏమందో మీకు తెలుసు గదక్కా.”

“మరి మొదటిదని రాద్దామా? పదిహేను నెలల పిల్లని ఏం చేస్తావు?”

“అందుకే ఏం రాయలేదు.”

ఆ కాగితం అలాగే లోపలికి పంపాను. అలాగే బయటికొచ్చింది. మీద ఎర్ర ఇంకుతో ‘కారణం?’ అని రాసి, కింద ఆయన పొడి సంతకం, ఆనాటి తేదీ. యాసిన్‌ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ నా బల్ల ముందు నుంచి వెళ్ళేటప్పుడు జేబు తడుముకునేవాడు. నేను తల దించుకుని ఏదో ఒకటి రాస్తున్నట్టు నటించేదాన్ని. అంతకంటే నా వల్ల కాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం పదిన్నరకు ప్యాకింగు మిషను ఉన్నట్టుండి ఆగింది. అది ఆగితే మిల్లంతా చెవులు గింగురుమంటాయి. యాసిన్‌ ఒంటి నిండా మినప్పిండితో, ఫోను చేత్తో పట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు.

“నొప్పులొచ్చాయంటక్కా. బీపీ ఎక్కువుందంట. ఆస్పత్రిలో చేర్చారు. జమీలా ఎవరితోనూ మాట్లాడటంలేదంట, నేనొస్తన్నానా లేదా అని మాత్రం అడిగిందంట.”

“పద,” అన్నాను. కాగితం జేబులోంచి తీయించి, అతన్ని వెంటబెట్టుకుని ఓనరుగారి గదిలోకి వెళ్ళాను.

ఓనరుగారు మంచి హుషారుగా ఉన్నారు. యాసిన్‌ని చూడగానే పేపరు పక్కన పెట్టారు.

“ఏంటయ్యా, మీ షబ్నం నిన్నేం చేసింది?”

 నేనే అందుకున్నాను.

“జమీలాకి నొప్పులొచ్చాయండి. రేపల్లె ఆస్పత్రిలో ఉంది. ఇతన్ని పంపాలండి.”

“అప్పుడే ఇంకోటా?” ఆయన మొహం ముందు వెలిగింది, ఆ తరువాత ముడుచుకుంది. “పాపకి ఏడాదిన్నరన్నా నిండలేదే. సరేలే, దేవుడిచ్చాడు. కానీ రేపల్లె ఎందుకు? తొలి కాన్పు పుట్టింట్లో అయిపోయింది గదా. రెండోది అత్తారింట్లోనే గదా చెయ్యాల్సింది? మీ ఇల్లు ఇక్కడే తెనాల్లోనే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాన్నం క్యారేజీ టయానికి ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు. దానికి ఎనిమిది రోజులు సెలవేంటి?”

చూడండి, నేను కన్నం అనుకుని దూరిన ఆచారమే తిరిగొచ్చి మా పీక పట్టుకుంది. అయినా నా నాలుక ఊరుకోలేదు. అత్తగారికి నడుం విరిగిందనీ, అందుకే రెండోసారి కూడా పుట్టింటికే పంపారనీ ఒక అబద్ధం చటుక్కున నోట్లోకి వచ్చేసింది. అది నోరు దాటితే చాలు, సంతకం ఖాయం, యాసిన్‌ పది నిమిషాల్లో బస్సులో ఉంటాడు. నోరు తెరిచాను.

“మొదటిదండి,” అన్నాడు యాసిన్‌.

“ఏంటి?”

“ఇదే మొదటి కాన్పండి. అందుకే రేపల్లెలో.”

ఓనరుగారు ఒకసారి నా వంకా, ఒకసారి అతని వంకా చూశారు. “మరి షబ్నం?”

యాసిన్‌ నా వైపు తిరిగాడు. పాప అతనిది కాదు, నాది. “షబ్నం లేదండి,” అన్నాను. “నేనే రాశానండి.”

ఆయనకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థం కాలేదని కాదు, ఒప్పుకోవడానికి పట్టింది.

“మరి పళ్ళొచ్చాయన్నారు?”

“నేనే తెప్పించానండి.”

“నడక?”

“వెంకటప్పయ్య బాబాయ్ చెప్పాడండి, పదకొండో నెలలో నడిపిస్తే బాగుంటుందని.”

“ఆటలమ్మ?”

“అది బాలస్వామి తప్పండి. మర్నాడే తగ్గించేశాను.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ మొహం చూడటం కంటే ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. పెద్దమనిషికి మనవరాలిని చూపించి, ఏడాదికి పైగా ముద్దు చేయించి, ఇప్పుడు లేదు పొమ్మన్నాం. బాలస్వామి నాయనమ్మని చంపినదానికంటే ఇదే ఎక్కువ పాపం. అంతలోనే ఆయనకు కోపం వచ్చింది, నాకు ఊపిరి వచ్చింది.

“ఇద్దరూ బయటికి పొండి. రూలేంటో తెలుసు గదా. అబద్ధం చెప్పి సెలవు తీసుకుంటే ఉద్యోగం లేదు. పొండి.”

“అట్టాగేనండి,” అన్నాడు యాసిన్‌. దండం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. ఉద్యోగం పోయిన మనిషి అంత తేలిగ్గా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అతనికి కావలసింది బయటికి వెళ్ళడమే, ఎలాగైతేనేం దొరికింది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో తెలియదు. “ఆగరా,” అని యాసిన్‌ని గుమ్మంలో నిలబెట్టి, నా గదిలోకి వెళ్ళి గోడ మీది ఫ్రేము పీకాను. బల్లి నా జాకెట్టు మీదికి దూకి ఎటో పారిపోయింది. ఆ ఫ్రేము తెచ్చి ఓనరుగారి ముందు బల్ల మీద పెట్టాను.

“ఏంటిది?”

“మనదేనండి. మీరే కట్టించారు. ఒక్కసారి చదవండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను పక్కన నిలబడి వేలితో చూపించాను.

“ఇరవై రోజులకి ఒక రోజు అని ఉందండి. యాసిన్‌కి ఈ ఏడు పధ్నాలుగు వచ్చాయి. ఒక్కటీ వాడలేదు. ఇందులో చావు అని లేదండి. కాన్పు అని లేదు. కారణం అనే మాటే ఎక్కడా లేదు. కావాలంటే మొదట్నుంచి చూడండి.”

ఆయన నిజంగానే మొదటి నుంచి చూశారు. ఆయన వ్యాపారం చేసిన మనిషి, కాగితాన్ని కాదనరు. ఒక చోట ఆగి తల ఎత్తారు. “పదిహేను రోజుల ముందు పెట్టాలని ఉంది. నొప్పులొచ్చాక పెడితే చెల్లదు.”

యాసిన్‌ చేతిలోని కాగితం లాక్కుని మడతలు విప్పి ఫ్రేము పక్కన పెట్టాను. “పెట్టాడండి. ఇరవై రెండు రోజులైంది. ఇది మీ ఎర్ర ఇంకు. ఇది మీ సంతకం. తేదీ కూడా మీరే వేశారు.”

ఇంత మాట ఆయన ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు.  ఓనరుగారు తన సొంత చేతిరాత వంకే చూస్తూ కూర్చున్నారు. గుమ్మంలో యాసిన్‌ ఫోను మోగింది. అతను తీయలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

“మరి కిందటేడు ఆ రెండు రోజులు ఎక్కడికి పోయావు?” అన్నారు ఓనరుగారు.

“రామాపురమండి. నేనూ, జమీలా.”

“అక్కడ ఏం పని?”

“పనేం లేదండి. ఊరికే.”

“అదే రాసి ఇవ్వచ్చు గదా. నేను ఇచ్చేవాణ్ణి.”

  ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, “లేదులే, ఇచ్చేవాణ్ణి కాదు,” అన్నారు.

మా ఓనరుగారి గురించి ఎవరేమన్నా సరే, ఆ ఒక్క మాటకు ఆయనకు దండం పెట్టాలి. ఎర్ర పెన్ను పక్కకు తోసేసి, నా చేతిలోని నీలం పెన్ను తీసుకుని యాసిన్‌ కాగితం మీద సంతకం పెట్టారు. “బాలస్వామిని వ్యాను తియ్యమను. బస్సు కోసం నిలబడబాక. నిన్ను ఆస్పత్రి దగ్గర దింపి, వాణ్ణి మాత్రం ఖాళీగా రావద్దను, రేపల్లె షాపుల్లో మన పాత సంచులున్నాయి, అవి వేసుకు రమ్మను.”

యాసిన్‌ ఉరికాడు. పిండి దులుపుకోవడం కూడా మర్చిపోయాడు.

ఓనరుగారు సెలవుల రిజిస్టరు తెమ్మన్నారు. కిందటి ఏడు ఆగస్టు పేజీ తిప్పి, నేను రాసిన ‘భార్యకు తొలి కాన్పు, రేపల్లె’ మీద గీత కొట్టి, పైన ‘ఊరికే, రామాపురం’ అని రాసి సంతకం పెట్టారు. తరువాత పేజీలు తిప్పుతూ చివరికి వెళ్ళారు. పాప చరిత్ర కనిపించింది. మెడ, బోర్లా, పళ్ళు, నడక, ఏ నెలకానెల, నా గుండ్రటి చేతిరాతలో. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

“చించెయ్యమంటారా?” అని అడిగాను.

“ఉండనీ అమ్మాయ్,” అన్నారు. “నీ ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడతాను.”

సోమవారం మాట్లాడలేదు. ఇప్పటిదాకా మాట్లాడలేదు. గుర్తు చెయ్యడానికి నాకేం పిచ్చా?

ఆ సాయంత్రం నాలుగున్నరకు మగపిల్లాడు పుట్టాడని బాలస్వామి సంచులతో పాటు కబురు తెచ్చాడు. ఆపరేషను అవసరం రాలేదట. యాసిన్‌ వెళ్ళేసరికి జమీలాని ఇంకా కాన్పు గదిలోకి తీసుకెళ్ళలేదట. తెల్లటి పిండితో దెయ్యంలా వచ్చిన మనిషిని చూసి నర్సులు గుమ్మం దగ్గరే ఆపితే, ఆమె లోపలి నుంచి అతని గొంతు విని పిలిచిందట. ఓనరుగారు అంతా విని, పిల్లాడు ఎంత బరువున్నాడని అడిగారు. బాలస్వామికి తెలియదు. తెలియదనే చెప్పాడు.

మర్నాడు పదకొండు గంటలకు నా బల్ల మీద ఫోను మోగింది. గొంతు నీరసంగా ఉంది కానీ జమీలాదే.

“అక్కా, మా ఆయన మొదటిదనే చెప్పానంటన్నాడు. నిజమేనా?”

“నిజమేనమ్మా. ఓనరుగారి ఎదురుగా నిలబడి చెప్పాడు.”

“నోటి మాట కాదక్కా. పుస్తకంలో ఏం రాశారు?”

రిజిస్టరు తెరిచాను. గురువారం సాయంత్రం నేను ఇంటికెళ్ళేటప్పటికి ఆ వరసలో కారణం గడి ఖాళీగానే ఉంది. చట్ట ప్రకారం అక్కరలేదని నేనే వదిలేశాను. ఇప్పుడందులో నీలం ఇంకుతో కోళ్ళు గీకినట్టుండే ఓనరుగారి చేతిరాత ఉంది. ఎప్పుడొచ్చి రాసి వెళ్ళారో నాకు తెలియదు.

“చదవండక్కా.”

“షేక్ యాసిన్‌, ప్యాకింగు,” అని మొదలుపెట్టాను. “ఎనిమిది రోజులు. భార్య జమీలాకు మొదటి కాన్పు. మొదటి బిడ్డ, కొడుకు.”

 అవతల ఆమె పక్కన పిల్లాడు ఏడుస్తున్నాడు. మా మిల్లులో ఇన్ని నెలలూ ఏడుపు లేని పిల్లని పెంచినదాన్ని, ఆ ఏడుపు చెవిలో పడితే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

“ఇంకోసారి చదవండి,” అంది జమీలా. “మా అమ్మ కూడా వింటది.”

గట్టిగా, మొదటి నుంచి, మళ్ళీ చదివాను.